తాతయ్య కండువా, నలభైతొమ్మిది పోగులు

పొద్దున్నుంచీ బరంపురంలో ఒకటే ముసురు. ఆదివారం కాబట్టి బయటికి వెళ్ళే పని లేదు, అందుకే సంతలో కొన్న ఎర్ర లేజర్ తీశాను. దాని మీద తరంగదైర్ఘ్యం (వెలుగు అల పొడవు) 650 నానోమీటర్లు అని రాసుంది కానీ, ఆ రేటుకి కొన్నదాని మీద రాసిందాన్ని ఎంత నమ్మాలో నాకు తెలుసు. బీరువా పైన పడి ఉన్న పాత సీడీతో ముందు దాన్నే పరీక్షించాను. సీడీలో గాడికీ గాడికీ మధ్య దూరం 1.6 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు), అది ఎక్కడ తయారైన సీడీ అయినా అంతే. అట్టముక్కకి చిల్లు పెట్టి, అందులోంచి 50 సెంటీమీటర్ల అవతలున్న సీడీ మీదకి లేజర్ నిటారుగా కొడితే, తిరిగొచ్చిన చుక్కలు అట్ట మీద చిల్లుకి రెండు వైపులా 22.2 సెంటీమీటర్ల దూరంలో పడ్డాయి. లెక్కేస్తే 649. సంత సరుకైనా అబద్ధం చెప్పలేదు.

అక్కడితో ఆపేద్దామనుకున్నా, కుర్చీ మీద తాతయ్య కండువా కనిపించింది. పల్చటి నూలుది. సాయంత్రం కరెంటు పోగానే (ఈ ఒక్కసారికి పోయినందుకు సంతోషించాను) లేజర్‌ని ట్రంకుపెట్టె మీద పెట్టి, కండువాని కుర్చీకి బిగించి, గోడకి ఒడియా క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి అంటించాను. అక్క కూతుర్ని ముందే వంటింట్లోకి పంపేశాను, పిల్లలు లేజర్‌లోకి తొంగి చూడకుండా ఉండరు. గోడ మీద ఎర్ర చుక్కలతో ప్లస్ గుర్తులా పడింది, మధ్యలో పెద్ద చుక్క, దాన్నుంచి నాలుగు వైపులా సన్నగా మసకబారుతూ చిన్న చుక్కలు. పోగుల మధ్య సన్న సందుల్లోంచి దూరిన వెలుగు ఇలా చుక్కలుగా విడిపోతుంది; నిలువు పోగులు అడ్డం వరసనీ, అడ్డం పోగులు నిలువు వరసనీ వేస్తాయి.

అడ్డం వరసలో ఎడమ మూడో చుక్క నుంచి కుడి మూడో చుక్క దాకా 29.5 మిల్లీమీటర్లు, అంటే ఆరు సందులు. గోడకి దూరం 3.9 మీటర్లు. వీటితో లెక్కేసి, అంగుళానికి నలభైతొమ్మిది పోగులు అని తాతయ్యకి గట్టిగానే చెప్పాను.

నలభై ఏళ్ళు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్న మనిషి ఊరుకుంటాడా. "ఒరే గుంటడా, అది కండువా అనుకున్నావా, గోనెసంచి అనుకున్నావా?" అని, భూతద్దం, టార్చి తెప్పించుకుని, గుండుసూది మొనతో ఒక్కో పోగూ జరుపుతూ అంగుళం మేర లెక్కపెట్టాడు. అరవై ఒకటి.

అరగంట నాకు తలనొప్పి. తప్పు ఎక్కడంటే, నేను ట్రంకుపెట్టె నుంచి గోడకి కొలిచాను, కొలవాల్సింది కండువా నుంచి. అది 3.2 మీటర్లే. మళ్ళీ లెక్కేస్తే అరవై వచ్చింది. ఆ ఒక్కటీ చుక్కల మధ్య స్కేలు పట్టుకున్న నా చేతిదే అయ్యుండాలి. పేక వైపు, అంటే అడ్డం పోగులు, యాభై ఆరు, అది ఇద్దరికీ ఒకేలా వచ్చింది.

తాతయ్యకి లెక్క కంటే ఇంకోటి నచ్చింది. బట్టని పక్కలకి లాగి పోగుల మధ్య సందు పెంచితే గోడ మీద చుక్కలు దగ్గరవుతాయి, వదిలేస్తే మళ్ళీ దూరం జరుగుతాయి. "ఇదేటిరా, తిరగేసి పని సేస్తంది" అంటూ పదిసార్లు లాగి వదిలాడు. 1785లో ఫిలడెల్ఫియాలో ఫ్రాన్సిస్ హాప్కిన్సన్ అనే ఆయన పట్టు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని వీధిదీపాన్ని చూసి, అందులో గీతలెందుకు కనిపిస్తున్నాయని రిటెన్‌హౌస్ అనే ఖగోళ శాస్త్రవేత్తని అడిగాడు. ఆయనేమో సన్న మరలున్న ఇత్తడి తీగల మధ్య వెంట్రుకలు వరసగా కట్టి ఆ సంగతి తేల్చడానికి కూర్చున్నాడు. ఇది చెబితే తాతయ్య, "పట్టయితే మన ఇంట్లోనే ఉంది కదా" అన్నాడు. అమ్మ బీరువా తాళంచెవి కొంగుకి ముడేసుకుంది. నిజానికి మా బరంపురం పట్టులో నేత దట్టం, వెలుతురు దూరడానికి సందే ఉండదు.

చివర్లో నా వెంట్రుక ఒకటి అడ్డం పెట్టాను. పెద్ద చుక్కకి అటూ ఇటూ మొదటి నల్ల సందుల మధ్య 52 మిల్లీమీటర్లు, అంటే వెంట్రుక మందం 80 మైక్రాన్లు. తాతయ్య తనది కూడా పీకి ఇచ్చాడు, తెల్లది. పెట్టేలోగా సెల్స్ అయిపోయాయి. అగ్గిపెట్టెలో దాచాను.