మిషను ఆగితే అమ్మ మాటా ఆగుతోంది

అమ్మానాన్నలు తమ పనులు ఎలా నేర్చుకున్నారో వాళ్ళ మాటల్లోనే రికార్డు చేస్తున్నాను. అమ్మది ఈసారీ పోయింది. జాకెట్టు కటింగు ఎవరూ నేర్పకుండా తనకెలా పట్టుబడిందో అమ్మ ఎట్టకేలకు నోరు విప్పి చెప్పింది. చెప్పినంతసేపూ కాలు కుట్టుమిషను పెడల్ మీదే ఉంది. ఫైలు తెరిస్తే టకటకటక. "చంక కింద ముక్క..." అన్నంతవరకు వినిపిస్తోంది, ఆ తర్వాత ఏమందో హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎంత విన్నా అందట్లేదు. మళ్ళీ అడిగితే "అదే కదరా చెప్పాను, ఇంకేముంది" అంటుంది.

నాన్న వంతు అయిపోయింది. పంపుసెట్టు మోటార్లు రీవైండింగ్, అంటే లోపలి తీగ మళ్ళీ చుట్టడం, నేర్చుకున్న సంగతంతా వరండాలో కూర్చుని ఏకబిగిన చెప్పేశారు, ఆడియో శుభ్రంగా వచ్చింది.

తంటా అంతా అమ్మతోనే. హాల్లో కుర్చీ వేసి, ఫ్యాను ఆపి, మైకు పెట్టి "ఎలా నేర్చుకున్నావమ్మా" అంటే జవాబు ఒక్కటే: "ఏముందిరా, అలా వచ్చేసింది." మిషను ముందు కూర్చోగానే మాత్రం అడక్కుండానే మొదలుపెడుతుంది. కాబట్టి మిషను దగ్గరే రికార్డు చేయాలి. చప్పుడును ఏం చేయాలన్నదే సమస్య.

ముందు లెక్కలు చెబుతాను. ఫోన్లో సౌండ్ మీటర్ యాప్‌తో చూసినవి కాబట్టి అటూఇటూగా తీసుకోండి. ఫ్యాను, మిషను రెండూ ఆపితే గదిలో 36 డెసిబెల్స్. ఫ్యాను మూడో నంబరులో ఉంటే 48. అమ్మ మామూలుగా మాట్లాడితే 40 సెంటీమీటర్ల దూరంలో 64. అదే చోట మిషను జోరుగా నడిస్తే 72. అంటే మాట కన్నా చప్పుడే 8 డెసిబెల్స్ ఎక్కువ. ఈ తేడాతో మాట బతకదు.

మొదట ఫోను మిషను చెక్క మీదే పెట్టాను. అదురంతా నేరుగా ఫోనులోకి ఎక్కింది, కింది స్వరాల్లో బుర్రుమని ఒకటే రొద. ఫోన్ని పక్కన స్టూలు మీద, నాలుగు మడతలు వేసిన దుప్పటి పైన పెడితే ఆ అదురు చాలావరకు పోయింది. ఇనప స్టాండు కాళ్ళ కింద పాత సైకిల్ ట్యూబు ముక్కలు వేస్తే ఇంకాస్త తగ్గింది. పైన సూది కొట్టే చప్పుడు మాత్రం చెక్కుచెదరలేదు, అది గాల్లోంచి వస్తోంది మరి.

దూరం సగమైతే 6 డెసిబెల్స్ లాభం. అందుకని కాలర్ మైకుకి మారాను. నాది వైరున్న బోయా ఎం1. ఆరు మీటర్ల వైరు, చిన్న బటన్ సెల్లు, అంతే. వైర్‌లెస్ మైకులు మంచివే కావచ్చు, పెద్దవాళ్ళతో గంటలు గంటలు కూర్చునే పనికి ఆ చార్జింగు టెన్షన్ నాకొద్దు. మైకు నోటికి 15 సెంటీమీటర్లకు చేరితే లెక్క ప్రకారం 8 డెసిబెల్స్ పైనే కలిసొచ్చి, మాటా చప్పుడూ సరిసమానం కావాలి. కొంగుకి తగిలిస్తే కొంగు రాసుకునే గరగర. జాకెట్టు మెడ దగ్గర పెడితే నల్లపూసలు టిక్కు టిక్కుమని తగులుతున్నాయి. దీనికి విరుగుడు అమ్మే కనిపెట్టింది: మెడ పైపింగ్‌కి లోపలివైపు చిన్న లూపు కుట్టి మైకుని అందులోకి దూర్చి, నల్లపూసలు వెనక్కి తిప్పుకుంది. గరగర, టిక్కుటిక్కు రెండూ మాయం. మాట కొంచెం పైకి వచ్చింది. అయినా స, శ, చ లాంటి అక్షరాలు సూది చప్పుడులో కలిసిపోతున్నాయి.

తర్వాత ఆడాసిటీ, కంప్యూటర్లో ఆడియో సరిచేసే సాఫ్ట్‌వేర్. ఉచితంగా దొరికే వాటిలో దానికి సాటి లేదు. 100 హెర్ట్జ్ కింద ఉన్న స్వరాలన్నీ కోసేస్తే బుర్రుమనేది పోయింది, మాటకేమీ నష్టం లేదు. నాయిస్ రిడక్షన్ మాత్రం ఇక్కడ పనికిరాలేదు. ఫ్యాను లాగా ఒకే తీరున ఉండే రొదను అది బ్రహ్మాండంగా తీసేస్తుంది. అమ్మ కాలు ఒకే వేగంతో ఉండదుగా. గట్టిగా పెడితే గొంతు బిందెలోంచి వచ్చినట్టు ఉంటోంది. మిషను పక్కన రెండో మైకు పెట్టి, దాని శబ్దాన్ని తలకిందులు చేసి మొదటిదాంట్లోంచి తీసేయాలనీ చూశాను. రెండు మైకుల మధ్య అర మీటరు ఉంటే శబ్దం మిల్లీసెకను, ఒకటిన్నర మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడా సరిచేసినా కింది స్వరాలే తగ్గాయి, టకటక తగ్గలేదు. గోడల మీంచి, చెక్క మీంచి వచ్చేది రెండు చోట్లా ఒకేలా ఉండదు కాబట్టేమో.

వేవ్‌ఫారం, అంటే తెర మీద శబ్దం గీతలుగా కనిపించే బొమ్మ, చూస్తుంటే ఇంకో సంగతి బయటపడింది. పక్క కుట్లు, అంటే తిన్నగా పోయే చోట అమ్మ బాగా మాట్లాడుతోంది. జాకెట్టుకి చేతులు అతికేటప్పుడు, మెడ వంపు తిరిగేటప్పుడు నిశ్శబ్దం. తిన్నటి కుట్టులోనే మిషను వేగం ఎక్కువ. అంటే మాట ఎక్కడ బాగుంటే చప్పుడూ అక్కడే ఎక్కువ!

పోనీ చేత్తో చేసే పని ఇద్దామని హుక్కులు, కాజాలు, హెమ్మింగ్ ఇచ్చాను. ఆడియో అద్భుతం. మాటలు మాత్రం ఊరి పెళ్ళిళ్ళు, ఎవరు జాకెట్టు కుట్టించుకుని డబ్బులు ఎగ్గొట్టారు అన్నవి. నేర్చుకోవడం ఊసే లేదు. నా అనుమానం, చప్పుడు తనకొక చాటు. మిషను నడుస్తుంటే వీడు వినట్లేదులే అన్న ధీమాతో తనలో తాను మాట్లాడుకుంటోంది. అది తేల్చుకుందామని మిషను చప్పుడునే ఇయర్‌ఫోన్లలో పెట్టి చేతికి హుక్కులు ఇచ్చాను. నా ప్రశ్న తనకు వినపడదు, తను అరుస్తూ మాట్లాడుతుంది. రొద ఉంటే మనిషి తెలియకుండానే గొంతు పెంచడాన్ని లొంబార్డ్ ఎఫెక్ట్ అంటారు, అదే. రెండు నిమిషాలకే "ఇదేం పరీక్షరా" అని తీసి పక్కన పడేసింది. అనుమానం తేలలేదు. కాలి కదలికే మాటను లాగుతోందేమో కూడా.

ఇప్పుడు ఆశంతా బాబిన్ మీద, అదే మిషను అడుగున దారం చుట్టి పెట్టే చిన్న చుట్ట. బాబిన్‌కి దారం చుట్టేటప్పుడు చేతి చక్రం పక్కనున్న మరను వదులు చేస్తాం కదా, అప్పుడు సూది కదలదు, పెడల్ ఆడుతుంది, చక్రం తిరుగుతుంది. అలా పెట్టి కొలిస్తే 58 వచ్చింది! 14 డెసిబెల్స్ లాభం. కాలర్ మైకుతో కలిపితే ఒక్క అక్షరం పోదు. తిప్పలల్లా బాబిన్ నిమిషంలో నిండిపోతుంది. ఖాళీగా తొక్కమంటే అమ్మ ఒప్పుకోవట్లేదు: "పనీపాటా లేకుండా మిషను తొక్కితే చూసినవాళ్ళు ఏమనుకుంటారు?"

ఆ పోయిన ముక్కలో సగమన్నా దక్కింది, వినిపించడం వల్ల. రికార్డు చేసింది వాళ్ళకే పెట్టి, వింటూ వాళ్ళనేది రెండో ఫోనులో పట్టుకోవడం ఈ పని మొత్తంలో నాకు బాగా నచ్చిన పద్ధతి. అమ్మ తన గొంతు విని మొదట ముఖం చిట్లించింది, తర్వాత దిద్దడం మొదలెట్టింది. సరిగ్గా పట్టిన జాకెట్టు ఒకటి కుట్లు విప్పి, ముక్కలు న్యూస్‌పేపరు మీద పరిచి, పెన్సిలుతో గీసుకుందట. ఆ కొలతతో కుట్టిన మొదటి జాకెట్టు ముందువైపు సంచిలా వేలాడింది. ఎందుకో అప్పట్లో అర్థం కాలేదట. క్రాసుగా, అంటే ఏటవాలుగా, కోసిన బట్ట వాడగా వాడగా సాగుతుంది, తను గీసింది ఆ సాగిన ముక్కని. ఇస్త్రీ చేసి, కాసేపు వదిలేసి, అప్పుడు గీయాలని తర్వాత తనకే తట్టింది. "ఎవరూ చెప్పలేదా?" అంటే "సెంటర్లో టైలరు చెప్తాడా, బేరం పోదూ?" అంది.

ఏళ్ళు మాత్రం అడగొద్దు. ఏ సంవత్సరం అంటే ఇద్దరూ బిక్కమొహం వేస్తారు. మాది గోదావరి జిల్లా కాబట్టి పుష్కరాలు పట్టుకుంటే చాలు: 1991, 2003, 2015. వాటి మధ్య 1986 ఆగస్టు వరదలు, 1996 నవంబరులో కోనసీమ కొబ్బరిని నేలమట్టం చేసిన తుఫాను. మిషను ఎప్పుడు కొన్నారంటే "పుష్కరాలయ్యాక, తుఫానుకి ముందు" అని ఇద్దరూ ఒకే మాట చెప్పారు. డ్వాక్రా గ్రూపు లెక్కల పుస్తకం రాయడం మొదలెట్టింది తుఫాను తర్వాత. గ్యాసు పొయ్యి వెలిగించడం నేర్చుకుంది ప్రభుత్వం దీపం పథకం కింద గ్యాసు కనెక్షన్లు ఇచ్చినప్పుడు, అంటే 1999 లేదా ఆ తర్వాత. మీరూ ఇలాంటి పని చేస్తుంటే ముందు మీ ఊరి వరదల, తుఫానుల పట్టిక ఒకటి రాసి పెట్టుకోండి, ప్రశ్నల జాబితాకన్నా అదే పనికొస్తుంది.

మాటను టెక్స్టుగా మార్చే ఒక యాప్ కూడా వాడి చూశాను. "కాజాలు కుట్టాను" అంటే "రాజులు కొట్టాను" అని రాసింది. ఇక నేనే చేత్తో టైపు చేస్తున్నాను, పది నిమిషాల ఆడియోకి గంట పడుతోంది.

వచ్చే ఆదివారం కటింగు. చాక్‌పీసు, కత్తెర, బట్ట. చప్పుడు పెద్దగా ఉండదు, పైనుంచి వీడియో తీస్తే ఛాతీ కొలతలో నాలుగో వంతు ఎక్కడ పెడుతుందో, దాని మీద ఎంత వదులుతుందో చేతులే చెబుతాయి. కాలు ఆడదు కాబట్టి మాట వస్తుందో లేదో చూడాలి. నాన్న మోటార్ల నోట్‌బుక్కులు, చుట్ల లెక్కలు, తీగ గేజీలు ఉన్నవి, స్కాన్ చేయాలి, కొన్ని పేజీలకు చెదలు పట్టాయి. నరసాపురంలో ఉన్న అత్తయ్యది లేసు అల్లిక, ఆ కొక్కెం సూదికి చప్పుడన్నదే ఉండదు, మైకు పెడితే చాలు. అన్నీ కలిపి 2027 పుష్కరాలకి బైండు చేసిన పుస్తకంగా ఇద్దరి చేతుల్లో పెట్టాలని ఉంది. ఈలోగా బజారుకెళ్ళి పాతిక ఖాళీ బాబిన్లు, రంగురంగుల దారపు రీళ్ళు తెస్తున్నాను. "స్టాకు పెట్టుకుందామమ్మా" అంటే కాదనదు.