ఎండాకాలం సెలవులకి చుట్టాలంతా తిరుపతికొస్తే

పన్నెండు మంది ఒకే ఇంట్లో దిగితే మొదటి ప్రశ్న కొండే. మూడువందల రూపాయల దర్శనం టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్‌లో అయిపోతాయి. మే నెలకు అప్పటికప్పుడు వెతికితే దొరకవు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. పెద్దవాళ్లందరివీ ఒరిజినల్ ఆధార్ కార్డులు ఒకరి దగ్గరే ఉంచండి.

నడిచి ఎక్కితే కొండ కింద అలిపిరి నుంచి 3,550 మెట్లు. తెల్లారుజామునే కదలండి. సంచులు కింద ఇచ్చేస్తే పైన తీసుకోవచ్చు, రసీదు మాత్రం జాగ్రత్త. గాలిగోపురం దాకానే అసలు కష్టం. ఆ తర్వాత చాలా దూరం చదును, చివర్లో మోకాళ్ల మెట్టు అనే నిటారు ఎక్కుడు. పిల్లలు మొదట్లోనే పరుగెత్తి అలిసిపోతారు, అవ్వాతాతలే నింపాదిగా ముందుకుపోతారు!

మర్నాడు వంట తేలిగ్గా: సంగటి. నాలుగు గ్లాసుల బియ్యం అరగంట నానబెట్టి, ఇరవై గ్లాసుల నీళ్లలో ఉప్పేసి మెత్తగా ఉడికించండి. నీళ్లు ఇంకా మిగిలుండగానే నాలుగు గ్లాసుల రాగిపిండి మధ్యలో కుప్పగా పోసి, కట్టెతో బొక్క పెట్టి, మూతేసి సన్నమంట మీద పది నిమిషాలు వదిలేయండి. అప్పుడే కెలికితే పిండి ఉండలు కడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. ఆవిరి పట్టాక దించి, ఇద్దరు గిన్నె పట్టుకుంటే ఒకరు గట్టిగా కెలకాలి. చెయ్యి తడిచేసుకుని వేడిమీదే ముద్దలు కట్టండి. పక్కన శెనక్కాయల ఊరిబిండి, అంటే పచ్చడి. నెయ్యి పిసినారితనం వద్దు.

తలకోన? మేలో జలపాతం సన్నబడుతుంది. వానలు పడ్డాకే పొండి.