తాళాల గుత్తి, గడియారం

మొన్న దేవరకొండ బస్టాండులో మా బాబాయికి ఫిట్స్ వచ్చినప్పుడు, ఒకరు ఆయన పిడికిట్లో తాళాల గుత్తి పెట్టబోగా, మరొకరు పళ్ల మధ్య చెంచా దూర్చబోయారు. నేను ఇద్దరినీ వారించి, ఆయనను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడియారం చూస్తూ 108కి ఫోన్ చేశాను. మూర్ఛ చాలాసార్లు రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది కనుక ఆ పేరు తాళాలకు దక్కుతోంది, అంతే. 5 నిమిషాలు దాటితే మాత్రం ప్రాణాపాయమే.

నల్లగొండ ఆసుపత్రిలో నర్సు ముందుగా వేలికొస నుంచి రక్తపు చుక్క తీసి చక్కెర చూసింది, ఎందుకంటే గ్లూకోజు బాగా పడిపోయినా ఫిట్స్ వస్తాయి. అక్కడే మళ్లీ మొదలైన మూర్ఛను నరానికి లోరాజెపామ్ ఇంజెక్షన్ ఇచ్చి ఆపారు. ఎంతసేపు కొట్టుకున్నాడు, మాత్రలేమైనా మానేశాడా అని డాక్టరు అడిగితే, నాలుగు రోజులుగా వేసుకోవడం లేదని పిన్ని అప్పుడు చెప్పింది.