పితికిపప్పూ, 20 సిట్టింగులూ

చిత్తూరు డిపోలో 31 ఏళ్లు కండక్టరుగా చేశాను. చిత్తూరు నుంచి బెంగళూరు దాకా ఆపుకోవడం నాకు కొత్త కాదు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కి కరెంటు (అదే, రేడియేషన్) పెట్టించుకునేటప్పుడు అదే విద్య కావాల్సొస్తుందని మాత్రం అనుకోలేదు.

తిరుపతి ఆస్పత్రిలో 20 సిట్టింగులన్నారు. శని, ఆదివారాలు సెలవు కాబట్టి నాలుగు వారాలు. ఇదివరకైతే ఏడెనిమిది వారాలు తిప్పేవారట. ముందు సీటీ స్కాన్ తీసి, పొత్తికడుపు మీద ఒకటి, నడుముకు అటూ ఇటూ ఒక్కొక్కటి, సూదితో పచ్చబొట్టు చుక్కలు పొడిచారు. రోజూ లేజరు గీతలు ఆ చుక్కల మీద కలిసేలా పడుకోబెడతారు. ఆ తర్వాత వారం రోజులు పిలుపే లేదు. ఆలోగా డాక్టరు సీటీ బొమ్మల్లో ప్రోస్టేట్ గ్రంథినీ, మూత్రాశయాన్నీ, మలాశయాన్నీ విడివిడిగా గీస్తే, దేనికి ఎంత మోతాదు దాటకూడదో చూసి ఫిజిసిస్టు లెక్క కట్టారట.

నా వంతు పని నీళ్లు. ముందు ఒంటికి వెళ్లొచ్చి, అర లీటరు తాగి, ముప్పావుగంట ఆగాలి. మూత్రాశయం నిండితే చిన్నపేగులు పైకి జరిగి కిరణాలకు దూరంగా ఉంటాయి. మొదటి రోజు తెలివికిపోయి చంద్రగిరి దాటగానే బస్సులోనే తాగేశాను. అక్కడ చూస్తే నా ముందు ఆరుగురు! చివరికి ఆపుకోలేక బాత్‌రూముకు పరుగు. మళ్లీ అర లీటరు, మళ్లీ ముప్పావుగంట. 31 ఏళ్ల సర్వీసు పరువు పోయింది.

అసలు కథ తొమ్మిదో సిట్టింగుది. పుష్యమాసం, అనపకాయల కాలం. మా ఆవిడ అనపగింజల పొట్టు పితికి తీసి, పితికిపప్పు కూర చేసింది. గ్యాస్ వచ్చే తిండి వద్దని డాక్టరు ముందే చెప్పారు. "గుప్పెడు తింటే ఏమవుతుందిలే" అంది ఆవిడ. నేను తిన్నది గుప్పెడు కాదు.

మర్నాడు బల్ల మీద పడుకోబెట్టి, రోజూలాగే మెషీన్‌తోనే స్కాన్ తీశారు. కరెంటు పెట్టకుండా టెక్నీషియనమ్మాయి లోపలికొచ్చింది.

"పెద్దాయనా, రాత్రి ఏం తిన్నారు?"

నేను నోరు మెదపలేదు. బయటికొచ్చాక ఆ బొమ్మ చూపించింది. మలాశయం గ్యాస్‌తో బుడగలా ఉబ్బి, ప్రోస్టేట్‌ను ముందుకు తోసేసింది. అలాగే పెట్టేస్తే గ్రంథికి తగలాల్సింది సరిగా తగలదు, మంచి పేగుకు ఎక్కువ తగులుతుంది. "పచ్చబొట్టు చర్మం మీదుంటుంది కానీ, లోపలిది జరిగితే దానికేం తెలుస్తుంది?" అంది. గంటసేపు వరండాలో నడిపించి, గ్యాస్ పోయాక మళ్లీ స్కాన్ తీసి, అప్పుడు పెట్టారు. పెట్టింది రెండు మూడు నిమిషాలే. నొప్పీ లేదు, వేడీ లేదు.

మూడో వారం నుంచి మూత్రంలో మంట, రాత్రి నాలుగైదుసార్లు లేవడం. మాత్రలిచ్చారు, మెల్లగా తగ్గింది. మనవణ్ణి దగ్గరికి తీసుకోవచ్చా అని ఆవిడకు ఒకటే టెన్షన్. బయటి నుంచి పెట్టే కరెంటు ఒంట్లో మిగలదని డాక్టరు చెప్పాకే వాణ్ణి నా పక్కన పడుకోనిచ్చింది.

ఇప్పుడు పీఎస్‌ఏ అని, ప్రోస్టేట్ సంగతి చెప్పే రక్తపరీక్షకు మాత్రమే వెళ్తున్నాను. దానికి నీళ్లు తాగక్కర్లేదు. అయినా బస్సెక్కే ముందు అర లీటరు బాటిల్ నింపుకుంటూనే ఉన్నాను.