డయాలసిస్ పేషెంటుకు బెజవాడ ఎండలు

డయాలసిస్ మొదలైన కొత్తలో ఇంట్లోవాళ్లు ముందు మంచం దగ్గరి నీళ్ల చెంబు తీసేస్తారు. ఆవకాయ జాడీ మాత్రం కదలదు! లీటరు సెలైన్‌లో ఉండేది 9 గ్రాముల ఉప్పు. మూత్రం రాని మనిషి అంత ఉప్పు తింటే, దాన్ని పలచన చేయడానికి ఒళ్లు దాదాపు లీటరు నీళ్లు అడుగుతుంది. ఈ ఎండల్లో ఆ దాహం కసిరితే ఆగేది కాదు. కూర, పచ్చడి, అప్పడం అన్నీ కలిపి రోజుకు 5 గ్రాములు దాటకుండా చూడండి. 'లో సోడియం' ఉప్పు జోలికి వెళ్లొద్దు. అందులో కలిపేది పొటాషియం, అది పెరిగితే గుండె లయ తప్పుతుంది. కొబ్బరి బొండం వద్దనేదీ అందుకే.

నీళ్లకు మామూలుగా చెప్పే లెక్క: నిన్నటి 24 గంటల మూత్రం ఎంతో అంత, పైన అర లీటరు. పొద్దున్నే సీసాలో కొలిచి పెట్టండి. కాఫీ, చారు, మజ్జిగ ఏది తాగినా అంత కొలత నీళ్లు సీసాలోంచి పారబోయండి. సాయంత్రానికి ఎంత మిగిలిందో ఎవరూ వాదించక్కర్లేదు.

మెషీన్ లాగే నీటికీ హద్దుంది. గంటకు, కిలో బరువుకు 13 మిల్లీలీటర్లు దాటకపోవడం మంచిది. 60 కిలోల మనిషికి నాలుగు గంటల్లో మూడు లీటర్ల చిల్లర. రెండు డయాలసిస్‌ల మధ్య నీటితో నాలుగున్నర కిలోలు పెరిగి వస్తే, మూడో గంటకల్లా ఆవలింతలు, చెమట, పిక్కలు పట్టేయడం. ఆవలింత చూడగానే బీపీ చూడాలి, నిద్ర అనుకోకూడదు. బీపీ పడిపోతే నీరు లాగడం ఆపి, కాళ్లు ఎత్తి, కొద్దిగా సెలైన్ ఇస్తాం. అంటే తీసిన ఉప్పు మళ్లీ ఎక్కించినట్టే. డయాలసిస్ ఉన్న పూట బీపీ మాత్ర వేసుకోవాలో వద్దో డాక్టరును ముందే అడగండి.

డ్రై వెయిట్, అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు, రాతి మీద గీత కాదు. ఆకలి పుట్టి ఒళ్లు చేస్తే పెంచాలి, లేకపోతే ప్రతి సిట్టింగ్‌లో పిక్కలు పడతాయి. కండ తగ్గితే ఆ చోట నీరు చేరుతుంది, కాటా మీద తెలియదు. పడుకుంటే ఆయాసం వస్తోందంటే అనుమానించాల్సింది అదే.

సూదులు తీశాక రెండు వేళ్లతో పది నిమిషాలు, మధ్యలో ఎత్తి చూడకుండా నొక్కాలి. బిగుతుగా కట్టి వదిలేస్తే ఫిస్టులా (సూదులు గుచ్చడానికి చేతిలో ధమనిని సిరకు కలిపిన చోటు) మూసుకుపోవచ్చు. ఆ చేతికి గాజులు, బీపీ పట్టీ, రక్తపరీక్ష వద్దు. రోజూ వేలు పెట్టి ఝుమ్మనే కదలిక చూడండి. ఆగితే ఆ రోజే ఆసుపత్రికి రావాలి, తర్వాతి సిట్టింగ్ దాకా ఆగకూడదు.

సోమ, బుధ, శుక్రవారాల వాళ్లకు శుక్రవారం తర్వాత వచ్చే రెండు రోజులే గడ్డుకాలం, పైగా ఆదివారం మాంసం. ఆ సాయంత్రం కాటా ఎక్కించండి. 60 కిలోల మనిషి రెండున్నర కిలోలు దాటి పెరిగితే యూనిట్‌కు ఫోన్ చేయండి. ఆయాసం ఉంటే ఫోన్ కాదు, నేరుగా ఎమర్జెన్సీకే.