జీతం రాళ్లు, బండి సోకు, హార్స్‌లీ హిల్స్ దారి

తిరుపతిలో ఉంటూ బండి మీద మోజు లేకుండా బతకడం కష్టం. ఏ దిక్కుకు పోయినా ఓ కొండదారి ఎదురవుతుంది. భాకరాపేట దాటితే తలకోన, పుత్తూరు మీదుగా కైలాసకోన, ఇంకాస్త పోతే నాగలాపురం, చిత్తూరు అవతల మొగిలి ఘాట్. ఆదివారం తెల్లారుజామున చంద్రగిరి రోడ్డులో టీ కొట్ల ముందు ఆగే బండ్లను చూడండి. షోరూమ్ నుంచి దిగినప్పుడు ఉన్నట్టు ఒక్కటీ ఉండదు. ఒకదానికి ఫాగ్ ల్యాంపులు, ఒకదానికి క్రాష్ గార్డు, ఇంకోదానికి వెనక రెండు పెట్టెలు. వాటిని నడిపేవాళ్లలో ఎక్కువమంది నెలజీతగాళ్లు, చిన్న అంగళ్లు పెట్టుకున్నవాళ్లు.

ఇంట్లోవాళ్లు అందరినీ అడిగే మాట ఒకటే. "బండి బాగానే నడుస్తోంది కదా, ఇంకా దేనికి డబ్బు పోస్తా ఉండావు?" ఆ ప్రశ్న మీద నాకు కోపం లేదు. మాలాంటి ఇళ్లలో రెండు లక్షల బండి కొనడమే పెద్ద విషయం. దాని మీద మళ్లీ ముప్పై నలభై వేలంటే ఎవరైనా అడుగుతారు. జవాబు మాత్రం కొండదారిలో దొరుకుతుందని నా నమ్మకం. అందుకే హార్స్‌లీ హిల్స్‌కి పోయొచ్చిన సంగతి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఈశాన్య రుతుపవనాల వానలు తెరిపిచ్చిన ఒక శనివారం నాలుగు బండ్ల మీద బయల్దేరాం. నాది రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2016లో మొదట వచ్చిన 411 సీసీ రకం. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పే అక్క హంటర్ 350 మీద వచ్చింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన తమ్ముడిది డ్యూక్ 250. నాలుగోది యమహా ఆర్‌ఎక్స్ 100. దాన్ని నడిపేది మా ఎలక్ట్రికల్ షాపు అన్న.

ఆ ఆర్‌ఎక్స్ గురించి నాలుగు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. మన దేశంలో 1985 నుంచి 1996 దాకా తయారైన బండి అది. 98 సీసీ, 11 హార్స్‌పవర్. ఈ లెక్క విని ఇప్పటి పిల్లలు పెదవి విరుస్తారు, ఒక్కసారి యాక్సిలరేటర్ తిప్పాక నోరు మూస్తారు. టూ స్ట్రోక్ ఇంజన్, బరువు వంద కిలోల చుట్టుపక్కలే. అన్న వాళ్ల నాయన వాడిన బండి గోడౌన్‌లో ఏళ్ల తరబడి గోనెసంచుల కింద పడి ఉంది. దాన్ని బయటికి లాగి సిలిండర్ బోరింగ్ చేయించాడు, కొత్త పిస్టన్ వేయించాడు, క్రాంక్ బేరింగులు మార్పించాడు, టాంకు లోపలి తుప్పు కడిగించాడు, మడ్‌గార్డులకు మళ్లీ క్రోమ్ పట్టించాడు. ఒరిజినల్ కార్బురేటర్ కోసం చెన్నై పుదుప్పేటలో పాత సామాన్ల అంగళ్లన్నీ తిరిగాడు. పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి ఆర్‌సీ రెన్యువల్ కోసం ఆఫీసు చుట్టూ తిరగడం అదనం.

"ఈ డబ్బుతో కొత్త బండే వచ్చేది కదన్నా," అన్నాడు తమ్ముడు.

"కొత్త బండి వస్తాది. మా నాయన బండి యాడొస్తాది?" అన్నాడు అన్న.

ఆ మాట తర్వాత ఎవరూ లెక్కలు తీయలేదు.

చంద్రగిరి కోట వెనకపడి, రంగంపేట దాటాక అడవి మొదలవుతుంది. 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించిన శేషాచలం కొండల్లో ఇదో అంచు. వానలకు కొండ పచ్చగా నిండుగా ఉంది. రోడ్డు పక్కన నీళ్లు ఇంకా జారుతున్నాయి. భాకరాపేట ఘాట్ అందమైన దారే గానీ, దయగల దారి కాదు. 2022 మార్చిలో పెళ్లివాళ్ల బస్సు ఇక్కడే లోయలో పడింది. ఇప్పటికీ ఆ మలుపుల్లోకి వచ్చేసరికి నా చేయి తనంతట తానే బ్రేకు మీదికి పోతుంది.

ఆ మలుపుల్లో నేను పెట్టిన మొదటి ఖర్చు పని చేయడం చూశాను. అంతకు ముందు నెలలో రెండు టైర్లూ మార్చాను. పాతవాటి మీద గీతలు ఇంకా బాగానే కనిపించేవి, కానీ రబ్బరు గట్టిపడిపోయింది. టైరు పక్కన నాలుగంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. 2519 అని ఉంటే అది 2019లో 25వ వారం తయారైనదని అర్థం. బండి కొనేటప్పుడు రంగు చూస్తాం, మైలేజీ అడుగుతాం, ఈ అంకె మాత్రం చాలామంది చూడరు. రెండు టైర్లూ కలిసి రోడ్డును తాకేది మన రెండు అరచేతులంత మేరే. మలుపులో వంగినా, బ్రేకు పట్టినా, తడి ఆకుల మీద జారకుండా నిలిచినా ఆ కాస్త రబ్బరు దయే. ఆ ఉదయం ఒక మలుపులో కొండ మీది నుంచి కొట్టుకొచ్చిన ఎర్రమట్టి రోడ్డుకు అడ్డంగా పరుచుకొని ఉంది. ముందు చక్రం కొంచెం వణికి వెంటనే సర్దుకుంది. హెల్మెట్ లోపల నాకు నేనే గట్టిగా నవ్వుకున్నాను. ఇంత ఆనందం ఇచ్చే ఖర్చు బండి మీద ఇంకోటి లేదు.

భాకరాపేటలో టీకి ఆగినప్పుడు తమ్ముడు తన సైలెన్సర్ సంగతి చెప్పాడు. బండి కొన్న కొత్తలో పదహారు వేలు పెట్టి చప్పుడు ఎక్కువుండే సైలెన్సర్ బిగించాడు. రెండు నెలలు కాలర్ ఎగరేసుకొని తిరిగాడు. తర్వాత జరిమానా పడింది. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న అసలు రూపాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ పడొచ్చు. జరిమానా కన్నా తమ్ముడిని ఎక్కువ బాధపెట్టింది ఇంకోటి. సైలెన్సర్ మారాక తక్కువ స్పీడులో బండి లాగడం తగ్గింది. పొగ బయటికి పోయే తీరు మారితే ఇంజన్‌లోకి గాలి, పెట్రోలు కలిసే లెక్క కూడా మారాలి. అది సరిచేయకుండా గొట్టం ఒక్కటే మారిస్తే చప్పుడు పెరుగుతుంది, సత్తువ పెరగదు. ఈసారి కంపెనీ సైలెన్సర్ తిరిగి బిగించుకొని వచ్చాడు.

ఇక్కడ నా మాట సూటిగా చెబుతాను. అడవిలోంచి పోయే దారిలో, నిద్రపోతున్న ఊళ్ల మధ్య, ఆసుపత్రుల ముందు బండితో అరిపించడం నాకు నచ్చదు. బండి మీద ప్రేమ ఉన్నవాళ్లందరికీ చెడ్డపేరు తెచ్చేది ఆ ఒక్క గొట్టమే.

పీలేరులో ఇడ్లీలు తిని, వాల్మీకిపురం మీదుగా మదనపల్లె చేరాం. టమాటా లారీలు, బుట్టలు, బేరాలు, మార్కెట్టు వైపంతా ఒకటే సందడి. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఈ ఊళ్లో ఉన్నప్పుడే జనగణమనను ఇంగ్లీషులోకి మార్చారని అక్క గుర్తుచేసింది. ఆయన ఉన్న కాలేజీ వైపు ఒక చుట్టు చుట్టి వచ్చాం. మధ్యాహ్నం రాగి సంగటి, నాటుకోడి పులుసు, పక్కన కొంచెం ఊరిబిండి. వేడివేడి సంగటి తిని రైడింగ్ జాకెట్ వేసుకోవడం మాత్రం కొంచెం కష్టమైన పనే.

హార్స్‌లీ హిల్స్ నాలుగు వేల అడుగులకు పైనే ఉంటుంది. కడప కలెక్టరుగా పనిచేసిన హార్స్‌లీ అనే ఆయన వేసవి విడిదిగా ఇల్లు కట్టుకోవడంతో ఆ పేరు వచ్చింది. అంతకు ముందు నుంచీ స్థానికులకు అది ఏనుగు మల్లమ్మ కొండ. కింద ఎండగానే ఉంది. సగం ఎక్కేసరికి మబ్బు దిగింది. చూస్తూ ఉండగానే ముందు బండి వెనక లైటు ఎర్రచుక్కయి, ఆ చుక్క కూడా మాయమైంది.

"నేను ముందు పోతా, నా వెనకాల రండి," అంది అక్క. తన బండికి రెండు పసుపు లైట్లున్నాయి. పొగమంచులో ఎత్తుగా పడే కాంతి తిరిగి మన కళ్లలోనే కొడుతుంది. కిందికి వంచి పెట్టిన కాంతి రోడ్డు అంచును చూపిస్తుంది. అక్క మొదట ఒక చవక సెట్టు కొని దగ్గర్లోని మెకానిక్ చేత హెడ్‌లైట్ వైరుకే కలిపించుకుంది. కొన్నాళ్లకు వైరు కాలిన వాసన వచ్చింది. తర్వాత షాపు అన్న కూర్చొని మొత్తం పీకి, బ్యాటరీ నుంచి వేరే లైను లాగి, మధ్యలో ఫ్యూజు, రిలే పెట్టాడు. స్విచ్‌లో నుంచి పోయేది కొద్ది కరెంటే, లైట్లకు కావలసిన అసలు కరెంటు రిలే మీదుగా పోతుంది. లైట్ల ధరలో నాలుగో వంతు కూడా కాని ఆ వైరింగే వాటిని పనికొచ్చేలా చేసింది. ఊళ్లోకి రాగానే అక్క వాటిని ఆపేస్తుంది. ఎదుటివాళ్ల కళ్లు కూడా మనకు ముఖ్యమే కదా. ఆ సాయంత్రం మా నలుగురినీ పైకి చేర్చింది ఆ రెండు లైట్లే.

రాత్రి గదిలో జాకెట్లు ఆరేసుకొని కూర్చున్నాం. చలి బాగా ఉంది. మాట మళ్లీ డబ్బు మీదికే పోయింది. తమ్ముడికి ఇంకా జాకెట్ లేదు, మామూలు స్వెట్టరుతో వచ్చాడు. పుత్తూరు కట్టు మనకు దగ్గరే కదా అని నవ్వాడు. అక్క నవ్వలేదు.

"పుత్తూరు కట్టు ఎముక విరిగినాక కట్టేది నాయనా. జాకెట్ విరక్కుండా చూసేది. ముందు దేనికి డబ్బు పెడతావో నువ్వే చెప్పు."

తన జాకెట్ తెచ్చి భుజాల్లో, మోచేతుల్లో, వీపులో ఉన్న ప్యాడ్లను తీసి చూపించింది. వాటి మీద సీఈ (యూరప్ భద్రతా గుర్తు) లెవెల్ 1, లెవెల్ 2 అని రాసి ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు ఒంటికి చేరే అదురును లెవెల్ 2 ఇంకా బాగా తగ్గిస్తుంది. వీపుకు చాలా జాకెట్లలో ఉత్త స్పాంజి ముక్క పెట్టి అమ్ముతారు, దాన్ని తీసేసి సరైనది వేరుగా కొనుక్కోవాలి. ఆడవాళ్ల కొలతలకు సరిపోయే జాకెట్ దొరకడమే గగనమని, తాను చెన్నై జీపీ రోడ్డులో అంగడి అంగడీ తిరిగి వేసి చూసుకొని కొన్నానని చెప్పింది. వదులు జాకెట్‌లో, పడినప్పుడు ప్యాడ్ పక్కకు జారిపోతుంది. అందుకే ఫొటో చూసి తెప్పించుకోవడానికి అక్క ఒప్పుకోదు.

పొద్దున గాలిబండల దగ్గర నిలబడలేనంత గాలి. మబ్బు విడిపోయి కింద మదనపల్లె వైపు చెరువులు మెరుస్తున్నాయి. అక్కడ ఎక్కువసేపే ఉన్నాం. నలుగురం మాట్లాడుకోలేదు, ఎవరి బండి దగ్గర వాళ్లు నిలబడి చూస్తూ ఉండిపోయాం. ఇంట్లో అడిగే ప్రశ్నకు ఈ గంట కూడా జవాబులో భాగమే. నెలంతా ఫైళ్లు, పాఠాలు, బేరాల మధ్య నలిగే మనిషికి ఈ గంట ఎంత అవసరమో నాకు బాగా తెలుసు.

దిగేముందు తమ్ముడి బండికి పైసా ఖర్చు లేని పని ఒకటి చేశాం. తన వెనక బ్యాగు బరువు ఎక్కువై బండి వెనక్కి కుంగుతోంది. డ్యూక్‌తో ఇచ్చిన స్పానర్‌తో వెనక స్ప్రింగు ప్రీలోడ్ (బరువు ఎక్కకముందే స్ప్రింగుకు ఉండే బిగువు) రెండు మెట్లు బిగించాం. తర్వాత గొలుసు వదులు చూసి, టైర్లలో గాలి సరిచేశాం. "బండే మారిపోయిందన్నా," అన్నాడు మొదటి మలుపు దాటగానే ఆగి. కొత్త షాక్ అబ్జార్బర్ కొనాలని లెక్కలేస్తున్న పిల్లవాడికి అంత డబ్బు మిగిలింది. ఏదైనా కొనేముందు, బండితో వచ్చిన సర్దుబాట్లన్నీ ఒకసారి చేసి చూడమని నేను అందరికీ చెబుతాను.

దిగుడులో ఆర్‌ఎక్స్ కోసం అందరం నెమ్మదిగా వచ్చాం. టూ స్ట్రోక్ ఇంజన్‌కి ఇంజన్ బ్రేకింగ్ తక్కువ, గేరు తగ్గించినా బండి పెద్దగా పట్టుకోదు. ముందూ వెనకా డ్రమ్ము బ్రేకులే. కింది దాకా భారమంతా వాటిదే. ఎక్కువసేపు తొక్కితే వేడెక్కి పట్టు తగ్గుతుంది. అన్న క్రోమ్ పూత కన్నా ముందు బ్రేకు షూలు, కేబుళ్లు కొత్తవి వేయించాడు, ఆ క్రమం నాకు చాలా నచ్చింది. మధ్యలో రెండుచోట్ల ఆగి డ్రమ్ములు చల్లారనిచ్చాం.

తిరుగు ప్రయాణం పుంగనూరు, పలమనేరు మీదుగా. మొగిలి ఘాట్‌లో లారీల వెనక ఓపిగ్గా దిగాం. అక్కడ ఓవర్‌టేక్ చేయాలన్న తొందర ఎవరికీ రాకూడదు. బంగారుపాళెం వచ్చేసరికి తమ్ముడు మాటిమాటికీ సీటు మీద నుంచి లేస్తున్నాడు. నాకు ఆ బాధ లేదు, సీటు ఫోము మార్పించుకొని ఏడాది అయింది.

చిత్తూరులో టీ తాగుతుంటే తమ్ముడు ఫోన్ తీసి ఇంట్లో అటక మీదున్న సైలెన్సర్‌కి ఎంత వస్తుందో కనుక్కోవడం మొదలుపెట్టాడు. దాన్ని అమ్మి, ఈ నెల జీతంలో కొంత కలిపితే జాకెట్ వచ్చేస్తుందట. అది ఇంకొకరి బండికి చేరి ఇంకో ఊరిని నిద్రలేపుతుందని నేను ఒప్పుకోలేదు, పాతసామానుకు వేసేయమన్నాను. లోటు పడేది నేనిస్తానని, నెలనెలా తీర్చమని అక్క చెప్పింది. సంక్రాంతిలోపు ముగ్గురం జీపీ రోడ్డుకు పోవాలని అనుకున్నాం. ఆ మాట వినగానే షాపు అన్న జేబులోంచి చీటీ తీసి పుదుప్పేటలో చూడాల్సిన ఆర్‌ఎక్స్ సామాన్లు వరసగా రాసిచ్చాడు. మొదట రాసింది వెనక బ్రేకు డ్రమ్ము.