పాత మారుతిలో వోల్టేజీ ఎక్కడ పోతోంది?

మా ఇంట్లో 1996 నాటి మారుతి 800 ఉంది. 796 సీసీ, మూడు సిలిండర్లు, కార్బొరేటర్ బండి. 1983 డిసెంబరులో రోడ్డెక్కి 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన ఈ కారు మన ఊళ్లలో ఇంకా కనిపిస్తోందంటే, అందులోని లోపాలను చాలావరకు ఒక మల్టీమీటరు, ఒక స్పానర్ల సెట్టు ఉన్నవారు ఇంటి ముందరే వెతికి పట్టుకోగలగడం దానికి ఒక ముఖ్య కారణమని నా నమ్మకం. అయితే పాత బండి మొరాయించగానే బ్యాటరీ మార్చడం, అది కుదరకపోతే సెల్ఫ్ (ఇంజనును తిప్పి స్టార్టు చేసే మోటారు) మార్చడం, ఆ తరువాత డైనమో మార్చడం అనే వరస మన దగ్గర బాగా స్థిరపడిపోయింది. కొలవకుండా ఏ భాగాన్నీ మార్చకూడదన్నది నేను ఎంతో పట్టుదలగా పాటించే నియమం. ఆ కొలతలలో అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేదీ, అతి తక్కువమంది చేసేదీ వోల్టేజీ డ్రాప్ పరీక్ష, అంటే కరెంటు పారుతుండగా దారిలో ఎక్కడ ఎంత వోల్టేజీ పోతోందో కొలవడం.

మా బండి సెల్ఫ్ కొంతకాలం నీరసంగా తిరిగింది. ఉదయం చల్లని ఇంజను ఎలాగో స్టార్టయ్యేది కానీ, మధ్యాహ్నం ఎండలో కాసేపు ఆపి మళ్లీ తాళం తిప్పితే మూలిగి ఆగిపోయేది. చూసిన ఎలక్ట్రీషియను "సెల్ఫ్ పోయింది సార్, మార్చేద్దాం" అన్నాడు. మార్చే ముందు కొలిచి చూద్దామనుకున్నాను. బండి ఆపి కొన్ని గంటలయ్యాక బ్యాటరీ 12.6 వోల్టులు చూపింది, అంటే పూర్తి చార్జి ఉంది. ఇంజను స్టార్టు కాకుండా ఇగ్నిషన్ కాయిల్‌కు వెళ్లే సన్న వైరు తీసేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు లాగి, మా తమ్ముడిని తాళం తిప్పమన్నాను. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు బ్యాటరీ దగ్గర 10.7 వోల్టులు నిలిచాయి. సాధారణ ఉష్ణోగ్రతలో 9.6 కంటే కిందికి పడనంతవరకు బ్యాటరీని అనుమానించవలసిన పని లేదు. ఆ తరువాత మీటరు నల్ల ప్రోబును బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, ఎర్ర ప్రోబును ఇంజను బ్లాకు మీద రంగు లేని చోట ఆనించి మళ్లీ తిప్పమన్నాను. మీటరు 1.4 వోల్టులు చూపింది. అక్కడ 0.2 దాటకూడదు.

ఈ ఒక్క అంకె సంగతంతా చెబుతుంది. బ్యాటరీ నుంచి సెల్ఫ్‌కు వెళ్లిన కరెంటు ఇంజను బ్లాకు ద్వారా, ఎర్త్ పట్టీ ద్వారా తిరిగి బ్యాటరీకి చేరాలి. ఆ తిరుగుదారిలో 1.4 వోల్టులు పోతున్నాయంటే సెల్ఫ్‌కు అందవలసిన బలంలో అంత భాగం తుప్పును వేడి చేయడానికే ఖర్చవుతోందన్నమాట. బండి కింద గేరుబాక్సు నుంచి బాడీకి బిగించిన రాగి అల్లిక పట్టీ పైకి నిక్షేపంలా ఉంది. బోల్టు విప్పితే పట్టీ కన్ను కింద బాడీ రేకు మీద ఎర్రని తుప్పు పొర, రాగి మీద పచ్చని చిలుము కనిపించాయి. మాది కాకినాడ. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో పాత బళ్లకు ఇది తప్పని వ్యవహారం. ఎమరీ కాగితంతో రెండు వైపులా మెరిసే లోహం బయటపడేదాకా రుద్ది, బోల్టు గట్టిగా బిగించి, పైన వాసెలిన్ పూశాను. మళ్లీ కొలిస్తే 0.1 వచ్చింది. అదే పాత సెల్ఫ్ మండుటెండలో కూడా గిర్రున తిరిగింది.

ఈ లోపాన్ని మీటరులోని ఓమ్స్ స్థానంతో ఎందుకు పట్టుకోలేమో తెలుసుకోవడం అవసరం. సెల్ఫ్ తిరిగేటప్పుడు వంద ఆంపియర్ల స్థాయి కరెంటు ప్రవహిస్తుంది. కీలులో 0.01 ఓమ్ నిరోధం ఉన్నా వంద ఆంపియర్ల దగ్గర ఒక వోల్టు పోతుంది. అంత చిన్న నిరోధాన్ని మామూలు మల్టీమీటరు చూపలేదు కాబట్టి, కరెంటు పారుతుండగానే వోల్టేజీ కొలవాలి. పాజిటివ్ వైపు కూడా ఇదే పద్ధతి: ఒక ప్రోబు బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీద, రెండోది సెల్ఫ్ మీది లావు టెర్మినల్ మీద పెట్టి తిప్పితే అర వోల్టు దాటకూడదు. దాటితే పోస్టుకూ క్లాంపుకూ మధ్య, క్లాంపుకూ కేబులుకూ మధ్య విడివిడిగా కొలుచుకుంటూ వెళితే దొంగ ఏ కీలులో దాక్కున్నాడో తేలిపోతుంది. టెర్మినళ్ల మీద తెల్లని పొడి ఉంటే వంటసోడా కలిపిన వేడినీళ్లు పోసి కడగాలి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర అన్న క్రమం మరవకూడదు. లేకపోతే స్పానరు బాడీకి తగిలిన క్షణంలో నిప్పురవ్వలు లేస్తాయి, బ్యాటరీ పక్కన హైడ్రోజన్ వాయువు ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

ఎర్త్ పట్టీ పూర్తిగా తెగిపోతే కరెంటు దొరికిన మరో దారి వెతుక్కుంటుంది. చాలాసార్లు ఆ దారి చోక్ కేబులో, యాక్సిలరేటర్ కేబులో అవుతుంది. తాళం తిప్పిన తరువాత ఆ కేబులు చేతికి వేడిగా తగిలితే ఇంకేదీ వెతకకుండా నేరుగా ఎర్త్ దగ్గరికి వెళ్లవచ్చు. వెనక లైట్లదీ ఇదే కథ. బ్రేకు తొక్కితే టెయిల్ లైటు మసకబారడం, ఇండికేటరు వేస్తే బ్రేకు లైటు కూడా దానితో కలిసి మినుకుమనడం చూసి చాలామంది బల్బులు మారుస్తారు. ఆ ల్యాంపు ఎర్త్ పోవడం వల్ల ఒక ఫిలమెంటు కరెంటు రెండో ఫిలమెంటు ద్వారా వెనక్కి పారుతోందన్నది అసలు సంగతి. హెడ్‌లైట్లు వేయగానే టెంపరేచరు ముల్లు, పెట్రోలు ముల్లు రెండూ ఒకేసారి కదిలితే ఆ రెండు మీటర్లకూ ఉమ్మడిగా ఉన్న ఎర్త్‌నో, సప్లైనో చూడాలి. రెండు సెన్సార్లూ ఒకే రోజు పాడవడం చాలా అరుదు.

హెడ్‌లైట్ల వెలుగు తగ్గడం గురించి ఒక మాట. హాలొజన్ బల్బుకు వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు సుమారు ముప్పై శాతం తగ్గుతుంది. అందువల్ల బల్బు దగ్గర ఒకటిన్నర వోల్టు పోయిన బండికి వంద వాట్ల బల్బులు పెట్టించడం వైరింగును కాల్చుకోవడమే. రిలే లేని బండి అయితే స్విచ్చు మీద భారం పడకుండా రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు), తగిన ఫ్యూజు వేయించుకోవడం సరైన మార్గం. ఫ్యూజు బదులు తీగ ముక్క చుట్టిన బండిని నేనైతే ఒక్క కిలోమీటరు కూడా నడపను.

రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోయే బళ్లలో అన్నీ ఆపేసి, నెగటివ్ కేబులుకూ పోస్టుకూ మధ్య ఆమ్మీటరు కలిపి చూడాలి. ఇలాంటి పాత బండిలో 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే సరే. 200 ఉందంటే రోజుకు దాదాపు ఐదు ఆంపియర్ అవర్ల చొప్పున, 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ నాలుగు రోజులు తిరగకుండానే సగానికి పడిపోతుంది. ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోతే ఏది తీసినప్పుడు అంకె పడిపోయిందో ఆ సర్క్యూటే దోషి. కంపెనీది కాకుండా తరువాత ఎవరో బిగించిన స్టీరియో వైరింగు అక్కడ తేలడం నేను తరచుగా చూశాను. మీటరు కలిపి ఉండగా మాత్రం తాళం తిప్పకూడదు.

ఇక ఇంజను మిస్సింగు. మూడు సిలిండర్ల ఇంజనులో ఒకటి పనిచేయకపోతే బండి మొత్తం ఊగిపోతుంది కాబట్టి గుర్తించడం తేలిక. ఏ సిలిండరో తెలియగానే దాని ప్లగ్గును పక్క సిలిండరుకు మార్చి చూడాలి. లోపం ప్లగ్గుతో పాటు వెళితే ప్లగ్గుదే తప్పు, అక్కడే ఉండిపోతే ప్లగ్గుకు కరెంటు తెచ్చే హైటెన్షన్ వైరు, అదీ బాగుంటే కంప్రెషన్, అంటే పిస్టన్ సిలిండరులో గాలిని నొక్కే ఒత్తిడి. కంప్రెషన్ తక్కువ వచ్చిన సిలిండరులో ఒక చెంచా ఇంజనాయిల్ పోసి మళ్లీ కొలిచినప్పుడు పెరిగితే రింగులు అరిగాయని, పెరగకపోతే వాల్వులనో, హెడ్ గ్యాస్కెట్‌నో అనుమానించాలని అర్థం. పక్కపక్క సిలిండర్లు రెండూ తక్కువ చూపితే గ్యాస్కెట్ వైపే మొగ్గాలి. అంతదాకా ఇంట్లో తేల్చుకున్న మనిషి విజయవాడ ఆటోనగర్‌లో ఏ షెడ్డుకు వెళ్లినా ఏ పని చేయించాలో తానే చెప్పగలడు. బ్రేకులు, స్టీరింగు మాత్రం అనుభవం లేకుండా ఇంట్లో విప్పవద్దని నా గట్టి మనవి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరడం కూడా ఎప్పటికీ వద్దు, స్టాండ్లు పెట్టి, చక్రాలకు అడ్డు వేయాలి.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది. ఆ కాలపు రబ్బరు దానికోసం చేసింది కాదు. కార్బొరేటర్ మారుతిలో పెట్రోలు పంపు ఇంజను పక్కన ఉండి ట్యాంకు నుంచి పెట్రోలును లాగుతుంది. ట్యాంకుకూ పంపుకూ మధ్య పైపు పగిలితే చుక్క కూడా కారకపోవచ్చు. పెట్రోలు బయటికి రావడానికి బదులు గాలి లోపలికి పోతుంది. పికప్ తగ్గడం, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను దగ్గడం చూసి కార్బొరేటర్‌ను పదేపదే శుభ్రం చేయించేవారు ముందు ఆ పైపును రెండు వేళ్ల మధ్య వంచి చూడాలి. పైన సన్నని పగుళ్లు తెరుచుకుంటే పైపుతో పాటు క్లిప్పులు కూడా కొత్తవి వేసి, ఇథనాల్‌కు తట్టుకునే రకమేనా అని కొట్టులో అడిగి మరీ తీసుకోవాలి. బిగించాక ఇంజనును కొన్ని నిమిషాలు నడిపి, ప్రతి కీలునూ పొడిగుడ్డతో తుడిచి తడి అంటలేదని చూసుకున్న తరువాతే బండిని రోడ్డు మీదికి తీయాలి.